తెల్లచీర మీద రెండు చేతులు

మా మనవరాలికి ఫోన్‌లో సేల్ వచ్చిందంటే మంచం దిగే పని కూడా లేదు. పడుకున్న చోటే వేలితో చీరలు పైకి తోస్తూ ఉంటుంది. నచ్చితే కొంటుంది, నచ్చకపోతే వెనక్కి పంపిస్తుంది. ఎవరితో ఒక మాట లేదు, ఒక పోట్లాట లేదు. అదీ ఒక బేరమేనా అని నేను గొణుగుతుంటాను. బట్టల షాపుల్లో కొత్తగా పనికి చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు వికారాబాద్‌లో మా ఇంటికి వచ్చి, "పెద్దమ్మా, గన్నేండ్లు చీరలమ్మినవు గదా, జర మాకేమన్న కిటుకులు చెప్పు" అని అడుగుతారు. కిటుకులు నాకేం తెలియవు తల్లీ. నాకు నోరుంది, కాళ్లున్నాయి. ఆ రెంటితోనే కొలువంతా నెట్టుకొచ్చాను. కాని ఒక ఎండాకాలం సేల్ సంగతి చెప్పగలను. అది తలుచుకుంటే ఇప్పటికీ కూర్చున్న చోట కూర్చోలేను. లేచి వాకిట్లోకి, వంటింట్లోకి నాలుగుసార్లు తిరిగితే గాని మనసు కుదుటపడదు.

నేను పనిచేసింది తాండూరులో. పొద్దున ప్యాసింజరు ఎక్కి పోవడం, సాయంత్రం దిగి రావడం. నిజాం కాలంలో మా సేటు తాత కట్టించిన రెండంతస్తుల దుకాణం అది. కింద గిన్నెలు, చెప్పులు, గొడుగులు, మగవాళ్ల బట్టలు. పైన చీరలు. బోర్డు మీద పేరేమిటో ఊళ్లవాళ్లకు తెలియదు, పెద్ద దుకాణం అంటే చాలు. సరిహద్దు అవతలి నుంచి వచ్చే వాళ్లకు చీర అమ్మేంత కన్నడం మా అందరికీ వచ్చు. అక్కడ చీరల గద్దె మీద కూర్చున్న మొదటి ఆడమనిషిని నేనే. నాకు పని నేర్పింది మా పెద్దాయన. సేటు తండ్రి హయాం నుంచీ చీరలు మడతపెడుతున్న మనిషి, ఎవరినీ నొప్పించడు, ఎంత గొడవైనా గొంతు పెంచడు. నేను అడుగడుక్కీ నోరు జారేదాన్ని, ఆయన వెనకనుంచి సర్దేవాడు.

మా దుకాణం సేల్‌కు ఒక కట్టుబాటు ఉండేది. చీరలన్నీ తెల్లదుప్పటి మీద కుప్పగా పోసేవాళ్లం. ఎవరి చెయ్యి ముందు పడితే ఆ చీర ఆమెది. ఆమె చెయ్యి తీసేదాకా ఇంకొకరు లాగకూడదు, మేమూ తియ్యమని అనకూడదు. వెనకటికి ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటే సేటు తాత పెట్టిన నియమమట. ఇన్నేళ్లూ అది బాగానే నడిచింది. ఎందుకంటే సేల్ పెట్టేది పెళ్లిళ్లన్నీ అయిపోయి ఆషాఢం వచ్చే ముందు. అప్పటికి ఎవరికీ తొందర ఉండదు. ఈ చీర పోతే ఆ చీర. వానలు మొదలైనా సరే, దాని పేరు ఎండాకాలం సేలే.

ఆ ఏడు గల్లా మీదికి చిన్న సేటు వచ్చాడు. ఎదురుగా ఇంకో కొత్త దుకాణం వచ్చింది. వాడు సేల్ పెట్టేలోపు మనమే పెట్టాలని ఈయన ఆరాటం. పెళ్లి ముహూర్తాలు ఇంకా మిగిలుండగానే ఆటోకు మైకు కట్టించి కోట్‌పల్లి, కుల్కచర్ల దాకా తిప్పించాడు. అన్నీ సగం ధరకేనని ఒకటే మోత.

"పెండ్లిళ్లు ఇంక ఒడువలే గద సేటు, జర ఆగుదాం" అన్నాడు మా పెద్దాయన.

"ఆగితే గిరాకంత అవతలోడు ఎత్కపోతడు కాకా. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు సేటు.

మైకు విన్న పెళ్లిళ్లవాళ్లేం చేశారో చెప్పనా? కొనబోతున్నవాళ్లు కూడా ఆగిపోయారు. సగం ధరకు వస్తుంటే పూర్తి ధర ఎవరిస్తారు? ఆ వారమంతా గద్దె మీద ఈగలు తోలుకున్నాం. సేల్ మొదలైన పొద్దున మాత్రం మెట్ల మీద కాలు పెట్టే సందు లేదు. ఆటోలు, ట్రాక్టర్లు, బస్సులు దిగి వచ్చిన జనమంతా రేపో ఎల్లుండో పెళ్లి ఉన్నవాళ్లే. ఒక్కరూ ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్లు కాదు.

అందులోనూ తెల్లచీరలతో పెద్ద చిక్కు. మా వైపు తలంబ్రాలకు తెల్లచీరనే పసుపులో ముంచి కడతారు. చర్చిలో పెళ్లి చేసుకునే పిల్లలకూ తెల్లచీరే కావాలి, వాళ్లది తెల్లగానే ఉండాలి. అందుకని సీజన్ చివరికి తెల్లవి ఎప్పుడూ కరువే. ఆ పూట కుప్పలో మిగిలింది ఒక్కటే. తెల్లపట్టు, సన్నని జరీ అంచు. మిట్టమధ్యాహ్నానికి దాని మీద రెండు చేతులు పడ్డాయి.

ఒక చెయ్యి కోట్‌పల్లి నుంచి వచ్చిన ఒక తల్లిది. గొర్లు కాసే ఇంటి మనిషి, చేతులకు నిండా మట్టిగాజులు, వెంట పదిమంది చుట్టాలాడవాళ్లు, పక్కనే పెళ్లికూతురు. ఇంకొక చెయ్యి వికారాబాద్ పిల్లది. కుట్టుమిషన్ నేర్పే బళ్లో పనిచేసే సన్నటి పొట్టి పిల్ల, తనకే పెళ్లి, తానే చీర కొనుక్కోవడానికి వచ్చింది. వెంట వాళ్ల నాన్న ఒక్కడే. ఆడవాళ్ల మధ్యకు రావడానికి మొహమాటపడి కిందనే నిలబడ్డాడు.

"నా చెయ్యి ముందు పడ్డది" అంది తల్లి.

"లేదు, నాది ముందు పడ్డది" అంది పిల్ల.

సేటు పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన నా వైపు చూశాడు. మేమిద్దరమూ ఆ కుప్ప పక్కనే ఉన్నాం, కాని చూడలేదు. సరిగ్గా ఆ చేతులు పడ్డ క్షణంలోనే కరెంటు పోయింది. కరెంటు పోతే మనిషి చేసే మొదటి పని తలెత్తి ఫ్యాన్ వైపు చూడటం. దుకాణంలో ఉన్నవాళ్లమంతా తలలెత్తి ఆగిపోతున్న రెక్కలను చూస్తూ నిలబడ్డాం. తలలు దించేసరికి చీర మీద రెండు చేతులున్నాయి.

ఇక చూడండి. ఆమె తియ్యదు, ఈమె తియ్యదు. తియ్యమనడానికి మాకు నోరు లేదు. ఒకటే చీరకు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు దుప్పటి మీద చతికిలబడ్డారు. మిగతా జనం వాళ్ల చుట్టూ తిరిగి కొనుక్కుని పోతున్నారు. సేటు వచ్చి నాణెం ఎగరేద్దామన్నాడు.

"పెండ్లి చీరె మీద బొమ్మా బొరుసా? మా ఇంట్ల శుభకార్యం పెట్టుకున్నం సేటు, పత్తాలాట గాదు" అని తల్లి గయ్‌మంది.

నేను పిల్లకు మీగడరంగు చీర తెచ్చి చూపించాను. అది చూడను కూడా చూడలేదు. "తెల్లదంటే తెల్లదే అక్కా. మా అత్తగారోళ్లు ముందుగాలనే చెప్పిండ్రు" అంది. తల్లికి పసుపురంగు చీర చూపించాను. "పసుపు మేం ముంచాలె గని మిల్లోడు ముంచుతడా? తలంబ్రాలకు పన్కిరాదు" అంది. పక్క బజారుకు మనిషిని పంపితే, మిగతా దుకాణాల్లోనూ తెల్లది దొరకలేదని ఒట్టి చేతులతో వచ్చాడు. తల్లి ఇంట్లో పెళ్లి ఎల్లుండి. పిల్ల పెళ్లి ఆ మర్నాడు. హైదరాబాద్ పోయి పూర్తి ధరకు కొనే స్తోమత ఇద్దరికీ లేదు. ఉంటే మా సేల్‌కు ఎందుకొస్తారు?

నేను మెట్లు దిగుతున్నాను, ఎక్కుతున్నాను. ఎందుకు దిగానో నాకే తెలియదు. పెద్దాయన, "జరసేపు కూసో బిడ్డా, నువ్వు తిరిగితె చీర రెండైతదా?" అన్నాడు. కోపమొచ్చింది. ఆయన మీద కాదు, సేటు మీద. పెళ్లిళ్లు పోయేదాకా ఆగితే ఈ పీకులాట ఉండేదా? ఆ మాట సేటు మొహం మీదే అనేశాను. ఆయన విననట్టు గల్లాలో చిల్లర సర్దుకుంటూ కూర్చున్నాడు.

భోజనాల వేళ దాటింది. తల్లి వెంట వచ్చినవాళ్లు జొన్నరొట్టెల మూట విప్పారు. ఆమె ఎడమచేత్తో చీర పట్టుకుని కుడిచేత్తో రొట్టె తుంచుకుంది. రెండు ముద్దలు తిన్నాక ఎదుటి పిల్ల వైపు చూసి సగం రొట్టె, ఇంత పచ్చడి జరిపింది.

"తిను బిడ్డా. చీరె మాత్రం ఇయ్య."

పిల్ల తీసుకుంది. ఒంటిచేత్తో తింటూ, ఒకరి ఊరు ఒకరు, ఒకరి పెళ్లి సంగతి ఇంకొకరు అడిగి తెలుసుకున్నారు. ఏ చర్చి, ఎన్నింటికి, పిల్లగాడేం చేస్తాడు, అన్నీ.

"మీ అమ్మ రాలేదా మరి?" అని అడిగింది తల్లి.

"అమ్మ లేదు" అంది పిల్ల, రొట్టె నములుతూనే.

ఆ మాటకు ఆ పెద్దామె చెయ్యి వదులుతుందేమోనని నేను ఆశగా చూశాను. వదల్లేదు. పక్కన ఆమె కూతురు, "గీ చీరె నాకొద్దే అవ్వా, పోదాం" అని ఏడుపు మొదలుపెట్టినా వదల్లేదు. మా వాడకట్టులో ఎవరూ పట్టుచీర మీద తలంబ్రాలు పోసుకోలేదు, నా బిడ్డ పోసుకోవాలె అని ఆమె పంతం. గొర్రెను అమ్మి మరీ వచ్చిందట. తప్పు పట్టలేం.

చివరికి వదిలింది పిల్లే. పొద్దు వాలుతుంటే కిటికీలోంచి కిందికి చూసింది. అరుగు మీద జాగా లేక వాళ్ల నాన్న ఎండలోనే నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. ఏమనుకుందో ఏమో, చీర మీద నుంచి చెయ్యి తీసేసింది. తల్లి ఒక్క క్షణం నమ్మలేనట్టు చూసి, చీరను గబగబా గుండెకు అదుముకుని, చుట్టాలతో మెట్లు దిగిపోయింది.

నాకు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. "గంతసేపు పట్టుకోని గిప్పుడెందుకు ఇడిశినవే?" అని ఆ పిల్లనే కసిరాను. అది నవ్వడానికి చూసింది, రాలేదు. లేచి మీగడరంగు చీర కోసం చెయ్యి చాచింది. అత్తగారింట్లో మొదటి రోజే మాట పడబోతోంది. ఆ చాచిన చెయ్యి చూసి నేను ఉండబట్టలేకపోయాను.

కిందికి ఉరికాను. మగవాళ్ల బట్టల బీరువాలో పెళ్లికొడుకుల పట్టుపంచెలుంటాయి. తెల్లపట్టు, జరీ అంచు. పంచె పొడవు చీరకు చాలదు, కాని దానితో జతగా అదే అంచు కండువా వస్తుంది. రెండూ కలిపితే చీరంత. కండువాను లోపలి కొసకు వేసి కుడితే, కుట్టు సరిగ్గా కుచ్చిళ్లలోకి పోతుంది. వెడల్పు కాస్త తక్కువే గాని పిల్ల పొట్టిది.

"పంచెలు సేల్‌ల లేవు" అన్నాడు సేటు.

"పంచెలు లేవని మైకుల చెప్పిచ్చినవా? అన్నీ సగం ధరకే అని గద ఊరూరు తిరిగింది. ఏది, పిలువు ఆటోవాన్ని" అన్నాను. నా గొంతు కింది అంతస్తు అంతా వినపడింది. గిన్నెలు కొంటున్నవాళ్లు తిరిగి చూశారు. పెద్దాయన వెనకనుంచి మెల్లగా, "ఇచ్చెయ్ సేటు, మీ తాతయితె ఇచ్చేటోడు" అన్నాడు. సేటు చేతులెత్తేశాడు.

వాళ్ల నాన్నకే మనసొప్పలేదు. ఎండకు కమిలిన మొహంతో ఆ పంచెను చేత్తో తడిమి, "నా బిడ్డ మొగోళ్ల పంచె కట్టుకోని పెండ్లి చేసుకోవాల్నా అమ్మా? నలుగురు చూస్తె నవ్వరా?" అన్నాడు.

"కుట్టు కనవడకపోతె అది చీరెనే నాయినా" అంది పిల్ల. మిషన్ నేర్పే పిల్ల కదా, కుట్టు తానే వేసుకుంటానంది.

"కనవడదు. నాది జిమ్మ" అని పూచీ పడ్డాను నేను. నా నోరు ఊరుకోదని చెప్పాను కదా.

ఆ మాట ఇచ్చాక నాకు నిద్ర లేదు. రైల్లో కూర్చున్నా అదే ధ్యాస, అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస. పట్టు బిరుసుగా ఉంటుంది, కుచ్చిళ్లు సరిగ్గా పడకపోతే కుట్టు ముందుకొస్తుంది. అది కూడా పొట్ట మీదే, నట్టనడుమ. చర్చి నిండా అత్తగారి తరఫువాళ్లు. ఒక్కరు గుర్తుపట్టినా చాలు, ఆ పిల్ల పేరు బతికినంత కాలం పంచె పెళ్లికూతురే. పెళ్లి రోజు సేటుతో తగువులాడి సగం పూట సెలవు తీసుకుని వికారాబాద్‌లోనే ఆగిపోయాను.

చర్చి పక్క గదిలో పిల్లను ముస్తాబు చేస్తున్నారు. వాళ్ల చిన్నమ్మ కుచ్చిళ్లు పెట్టింది. కుట్టు వచ్చి మొదటి మడత మీదే కూర్చుంది. విప్పి నేను పెట్టాను. చీరలు మడతపెట్టడం వేరు, ఇంకొకరికి కట్టడం వేరు అని అప్పుడు తెలిసింది. కుట్టు మళ్లీ ముందుకే వచ్చింది. చిన్నమ్మ గుచ్చిన పిన్నీసు ఊడి కింద పడింది. బయటినుంచి, పాస్టరు అయ్యగారు పిలుస్తున్నారని కబురు మీద కబురు. పిల్ల నిలబడే ఉంది గాని పెదవి కొరుక్కుంటోంది. దాని చీర నా మాట మీదే ఉంది, నేను దాన్ని నిలబెట్టలేకపోతున్నాను.

తలుపు దగ్గర మట్టిగాజుల చప్పుడైంది. చూస్తే కోట్‌పల్లి తల్లి. ఒక్కతే వచ్చింది. పెళ్లి చేసి వచ్చిన చేతులు, మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"దూరముండు, పసుపు అంటుతది" అన్నాను.

"మస్తు కడిగిన, పోతలేదు. ఎండిపొయ్యింది, ఇంక అంటుకోదు" అంది. నన్ను పక్కకు జరిపి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నిన్న మాపటికి నా బిడ్డను అప్పగించిన. ఇంట్ల కాలు నిలుస్తలేదు. గీ పిల్ల తల్లి లేదన్నది గద, కుచ్చిళ్లు ఎవరు పెడ్తరో ఏమో అని పొద్దుగాల బస్సెక్కిన."

ముందుకొచ్చిన కుట్టు మీద వేలు రాసి చూసి, దాన్ని దాచాలన్న సంగతి పట్టేసింది. ఆమె కుచ్చిళ్లన్నీ విప్పేసి, చీరను నడుం దగ్గర ఇంత లోపలికి జరిపి, మళ్లీ మొదటినుంచి మడతలు పోస్తోంది. పిన్నీసు పళ్ల మధ్య పెట్టుకుంది. తల ఎత్తకుండానే, ఆ పిన్నీసు పళ్లతోనే అంది.

"గా చీరె మీద ముందుగాల నీ చెయ్యే పడ్డది బిడ్డా. కరెంటు పొయ్యినప్పుడు అందరు పైకి చూసిండ్రు. నేను చూడలే. నాకు ఎర్కనే."

ముహూర్తం వేళకా ఈ మాట అని నాకు మండింది. ఆమె నోరు మూద్దామని ముందుకు వంగాను. పిల్ల నన్ను చేత్తో ఆపింది.

"నాకు గూడ ఎర్కనే పెద్దమ్మా."

తల్లి చేతులు ఆగిపోయాయి. "మరి తిట్టకపోతివేందే?"

"తిడ్త. ముందుగాల కుచ్చిళ్లు పెట్టు."

ఆమె పెట్టింది. కుట్టు మూడో మడత లోపలికి పోయింది, నేను వెతికినా కనపడలేదు. పిన్నీసు గుచ్చి, చీర అంచు నేలకు సమంగా ఉందో లేదో చూసి, పిల్లను వెనక్కి తిప్పి ఇంకోసారి చూసి, పొమ్మన్నట్టు వీపు మీద తట్టింది. పిల్ల వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. ఒక్కరు కూడా చీర వైపు అనుమానంగా చూడలేదు.

తల్లి ఇంకా మోకాళ్ల మీదే ఉంది. చెయ్యి అందించి లేపాను. పోయే బస్సు ఎప్పుడుందో చెప్పబోతే ఆమె వినిపించుకోలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇంక తిట్టలే గద. తిట్టిపిచ్చుకోనే పోత" అంది. చెప్పులు బయట విడిచి, చర్చిలోకి పోయి, వెనక చాప మీద ఆడవాళ్ల మధ్య కూర్చుంది.